బూట్లేసుకున్న అక్షరాలు

నా బల్ల మీద బెత్తెడు ఎత్తున్న చెక్క ముక్క ఒకటి ఉంటుంది. ఒక వైపు ఇంకు పీల్చి పీల్చి నల్లగా నిగనిగలాడుతుంది, మిగతా వైపులు తేనె రంగు. ఇంటికి వచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, కొందరు "ఇది ఎమ్ కదా" అంటారు, కొందరు "కాదు, డబ్ల్యూ" అంటారు. రెండూ నిజమే. ఆ తగువు తీరాలంటే తెనాలి వెళ్ళాలి. అదీ ఇప్పటి తెనాలి కాదు, 1978 ప్రాంతపు తెనాలి.

గంగానమ్మపేటలో మా మావయ్యకి ప్రెస్సు ఉండేది. పెద్దదేం కాదు. ముందు గదిలో కాలితో తొక్కి నడిపే అచ్చు మిషను, ట్రెడిల్, వెనక వసారాలో పోస్టర్లు వేసే హ్యాండ్ ప్రెస్సు, గోడ పొడుగునా తెలుగు టైపు కేసులు, అంటే అచ్చు అక్షరాల అరలు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, పద్యనాటకాల కరపత్రాలు, గోడ పోస్టర్లు వేసేవాళ్ళు. వేసవి సెలవులు ఇచ్చారంటే నన్ను తీసుకొచ్చి అక్కడ దింపేవాళ్ళు. మిగతా పిల్లలు మధ్యాహ్నం నిద్ర నటిస్తుంటే నేను ప్రెస్సులోకి జారుకునేదాన్ని. కిరసనాయిలు, ఇంకు, తడి కాగితం కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు.

తెలుగు కంపోజింగ్, అంటే అక్షరాలు ఏరి వరసలు పేర్చడం, మాటలు కాదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల గళ్ళు. మేస్త్రిగారు మాట్లాడుతూనే ఉండేవారు, చెయ్యి మాత్రం తన పాటికి తను సరైన గడి దగ్గరికి వెళ్ళి వచ్చేది. నన్ను ఆ కేసుల జోలికి రానిచ్చేవారు కాదు. నా రాజ్యమంతా అన్నిటికన్నా కింది అర. అందులో పాత పేపర్లలో చుట్టి ఉండేది "బూట్ల సెట్టు".

ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చెక్కవి. నేను పుట్టకముందే మద్రాసులో మూతబడిన ఏదో ప్రెస్సు నుంచి మావయ్య సెకండ్ హ్యాండులో కొన్నాడట. ఆ టైపుకి అసలు పేరేమిటో ప్రెస్సులో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ ఎవరికీ అనిపించలేదు. మామూలు పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరాలకి కూడా పాదాలుంటాయి కానీ అవి సన్నగా, మువ్వల పట్టీలు పెట్టుకుని నడిచే పాదాల్లా ఉంటాయి. వీటివి అలా కాదు. కాలు ఎంత లావో పాదమూ అంత లావు. మడమ దగ్గర వంపు లేదు, మూలమట్టం పెట్టి కోసినట్టు నిటారుగా వచ్చి అడ్డంగా తిరిగిపోవడమే. "పోలీసోడి బూట్లు" అన్నాడట మావయ్య మొదటిసారి విప్పి చూసినప్పుడు. ఆ పేరే ఉండిపోయింది. పార్టీ వచ్చి పోస్టరు మాట్లాడుకుని వెళ్ళగానే, "మేస్త్రిగారూ, పైన లైను బూట్లలో వెయ్యండి" అనేవాడు.

మా దగ్గర అంత సైజులో తెలుగు టైపు లేదు. నాటకం పేరు పెద్దగా కావాలంటే ఆర్టిస్టు చేత రాయించి, బెజవాడలో బ్లాకు చేయించి తేవాలి. దానికి డబ్బులు, రెండ్రోజులు. అందుకని చవక పోస్టర్లకి నెత్తిన ఇంగ్లీషులో "టునైట్" అనో "గ్రాండ్" అనో బూట్లతో నిలబెట్టి, కింద మామూలు తెలుగులో వివరాలు నింపేవాళ్ళు. గులాబీ రంగు కాగితం మీద ఆ నల్లటి దిమ్మలు స్టేషన్ రోడ్డు అవతలి నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపించేవి. ఇంగ్లీషు ముక్క రాని రిక్షావాళ్ళు కూడా ఆగి, "ఏం ఆటండీ" అని పక్కవాళ్ళని అడిగేవాళ్ళు. ఆగేలా చెయ్యడమే వాటి పని. చదవడం తర్వాత సంగతి.

వాటిని అచ్చు వెయ్యడం మాత్రం ఒళ్ళు హూనమయ్యే పని. నలుపు ఎక్కువ కాబట్టి ఇంకు ఎక్కువ తాగుతాయి. ఇంకు కాస్త తగ్గిందా, అక్షరం మీద పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఎక్కువైందా, కాగితం అంటుకుపోయి చిరుగుతుంది. ఏళ్ళ తరబడి వాడకంలో కొన్ని అక్షరాలు అరిగి పొట్టివైపోతాయి, వాటి కింద కాగితం ముక్కలు మడతపెట్టి ఎత్తు సరిచెయ్యాలి. హ్యాండ్ ప్రెస్సు దగ్గర మావయ్య బనీను తడిసిపోయేది.

పని అయ్యాక కిరసనాయిలు గుడ్డతో తుడవడం నా డ్యూటీ. నీళ్ళు తగలనిస్తే చెక్క ఉబ్బిపోతుందని నాకు మొదటి రోజే భయం పెట్టారు. అలా తుడిచీ తుడిచీ ఒక్కో అక్షరం ఒంటి మీద ఏముందో నాకు కంఠతా వచ్చేసింది. ఆర్ కాలి దగ్గర గాటు. ఎస్ వీపు మీద ఎవరో మేకుతో గీసిన గీత. 'ఏ' అక్షరం పక్క భాగాన వరసగా చిన్న చిన్న గుంటలు, వాటి నిండా గట్టిపడిపోయిన ఇంకు. చెద పట్టిందేమో అని మేస్త్రిగారికి చూపిస్తే, "ఈ కర్రకి చెద పట్టదమ్మా" అని ఒక్క మాట అనేసి తన పనిలో పడిపోయారు.

ఇక ఆ చెక్క ముక్క కథ.

ఊళ్ళోకి ఎగ్జిబిషన్ ఒకటి వచ్చింది. పోస్టరు నెత్తిన "న్యూ షో" అని ఇంగ్లీషులో కావాలన్నారు. చూడ్డానికి చిన్న మాటే కానీ రెండు పదాల చివరా డబ్ల్యూ ఉంది. మా సెట్టులో ఉన్న రెండో డబ్ల్యూ అంతకు ముందే కింద పడి నిలువునా చీలిపోయింది. సాయంత్రానికల్లా రెండు వందల పోస్టర్లు ఇవ్వాలి. మేస్త్రిగారు ఒక్క క్షణం ఆలోచించి ఎమ్ తీసి తలకిందులుగా పెట్టేశారు. ప్రూఫు తీశారు. మావయ్య చూసి సరే అన్నాడు. నేను బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూసి, "మావయ్యా, ఈ డబ్ల్యూకి కింద కూడా బూట్లున్నాయేంటి?" అన్నాను.

డబ్ల్యూ పైన బూట్లుంటాయి, కింద రెండు మొనల మీద నిలబడుతుంది. ఎమ్‌ని తిరగేస్తే దాని భుజాల మీది దిమ్మలు కిందికి వచ్చేస్తాయి. బూట్లు లేని టైపులో అయితే ఎవరూ పట్టుకోలేరు. ఇందులో దొంగతనం దాగదు. మావయ్య కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు. "అమ్మడు చెప్పింది నిజమే, మేస్త్రిగారూ" అన్నాడు. మేస్త్రిగారు నా వైపు ఒక చూపు చూశారు. తర్వాత లెడ్లు, అంటే వరసల మధ్య పెట్టే సీసం పట్టీలు, కోసుకునే చాకు తీసి, ఎమ్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు దిమ్మలూ చెక్కేశారు. ఆ కర్ర అంత తేలిగ్గా లొంగలేదు. పావుగంట పట్టింది. చెక్కిన తర్వాత కూడా అది అచ్చంగా డబ్ల్యూ కాలేదు. డబ్ల్యూ కాళ్ళు చాపుకున్నట్టు వెడల్పుగా ఉంటుంది కదా, ఇది అటెన్షన్‌లో నిలబడ్డ కానిస్టేబులులా ఉండిపోయింది. ఆ పోస్టరు ఊరంతా అంటించారు. నేను సెలవులయ్యేదాకా ఎక్కడ కనిపించినా ఆ చివరి అక్షరం వంకే చూసేదాన్ని. ఇంకెవరైనా చూశారో లేదో నాకు అనుమానమే.

ఆఫ్‌సెట్ వచ్చింది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఈ సంగతి అందరికీ తెలిసిందే, సాగదీయను. 1991 సంక్రాంతికి తెనాలి వెళ్ళేటప్పటికి ట్రెడిల్ తూకానికి పోయింది, సీసం టైపు కిలోల లెక్కన పోయింది. చెక్క అక్షరాలని ఎవరూ కొనలేదు. భోగి నాడు తెల్లవారుజామున వీధిలోకి వస్తే మంట చుట్టూ పిల్లలు. మావయ్య చిన్నకొడుకు ఒళ్ళో పాత పేపరు పొట్లాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఏడే ఇంగ్లీషు మీడియంలో వేశారు వాణ్ణి. ఒక్కో అక్షరం వెతికి తీసి, పేరు గట్టిగా చదివి మరీ మంటలో వేస్తున్నాడు, ఏ నుంచి వరస తప్పకుండా. నేను వెళ్ళేసరికి ఎల్ పడిపోయింది.

"ఆగరా" అన్నాను. అత్తయ్య వెనక నుంచి, "భోగిమంటకని తెచ్చింది వెనక్కి తీసుకెళ్ళకూడదే" అంది. మావయ్య శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. "బాగా ఎండిన కర్ర. ఇంకు పట్టి ఉంది కదా, ఎలా అందుకుంటోందో చూడు" అన్నాడు, ఎవరితోనో మాట్లాడినట్టు. వాడి చేతిలో ఉన్న ఎమ్ తీసుకుని నేను శాలువా కింద దాచేశాను. బూట్లు చెక్కేసిన ఎమ్. ఎన్ దగ్గర నుంచి వాడు మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడేళ్ళ తర్వాత బెజవాడలో నేను డీటీపీ సెంటర్ పెట్టాను, అచ్చుకి పేజీలు కంప్యూటర్ మీద తయారుచేసిచ్చే కొట్టు. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, తెలుగుకి అను ఫాంట్లు. ఫ్లాపీల నిండా ఇంగ్లీషు ఫాంట్లు ఎవరో ఒకరు తెచ్చి ఇస్తుండేవాళ్ళు. ఒక రాత్రి కరెంటు వచ్చాక ఊరికే ఆ లిస్టు కిందికి దించుకుంటూ పోతున్నాను. రాక్‌వెల్ అన్న పేరు దగ్గర ఆగాను. బోల్డ్ కొట్టి చూస్తే తెర మీద మా బూట్లు! అచ్చం అవే కాదు, కాస్త షోకు చేసి, గీత గీసినట్టు తీర్చిన బూట్లు. అయినా గుర్తుపట్టాను. మన ఊరివాణ్ణి సూటులో చూసినా గుర్తుపడతాం కదా.

ఇంగ్లండులో మోనోటైప్ కంపెనీ 1934లో తెచ్చిన టైపు అది. ఆ దారి పట్టుకుని చదువుతూ పోతే కథ ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్ళింది. 1815 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ అనే టైపు తయారీదారు తన నమూనా పుస్తకంలో ఇలాంటి అక్షరాలు చూపించాడు. కొత్తగా పుట్టించి వాటికి "యాంటిక్" అని పేరు పెట్టాడు, అంటే పాతకాలపువి అని! తర్వాత ఇంకొకరు వాటినే "ఈజిప్షియన్" అన్నారు. ఈజిప్టుకీ వీటికీ ఏ సంబంధమూ లేదు. నెపోలియన్ దండయాత్ర తర్వాత యూరప్‌కి ఈజిప్టు పిచ్చి పట్టింది, బల్లలకీ కుర్చీలకీ కూడా ఆ పేరే తగిలించేవాళ్ళు, దీనికీ తగిలించారు. మా మావయ్య పెట్టిన పేరే ఈ రెండిటికన్నా నయమని నా అభిప్రాయం. కనీసం చూసి పెట్టాడు.

అందులో నాకు బాగా నచ్చిన మనిషి విలియం థోరోగుడ్. రాబర్ట్ థోర్న్ అనే ఆయన 1820లో పోతే, లండన్‌లో ఆయన ఫౌండ్రీని, అంటే టైపు పోతపోసే కార్ఖానాని, వేలంలో కొన్నాడు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడని చెబుతారు. మరుసటి ఏడు ఆ ఫౌండ్రీ పుస్తకంలో అంగుళం ఎత్తు బూట్ల అక్షరాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఇంగ్లండులో ప్రభుత్వ లాటరీ ఉండేది. దాని పోస్టర్లు వీధుల్లో గోడలన్నీ ఆక్రమించేవి, వాటికి కావలసింది ఇలాంటి లావు అక్షరాలే. అంటే మా తెనాలి గోడల మీద జరిగిందే అక్కడా జరిగింది. పుస్తకం చదివేవాడు కూర్చుని ఉంటాడు, మన దగ్గరే ఉంటాడు. గోడ ముందు నుంచి పోయేవాడు నడుస్తూ ఉంటాడు. సన్న పాదాలు ఆ దూరానికి మాయమైపోతాయి. చవక కాగితం మీద, చవక ఇంకుతో అయితే మరీ. అందుకే పాదాలు లావయ్యాయి.

అదే ఫౌండ్రీ నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ అనే ఆయన క్లారెండన్ తెచ్చాడు. అందులో కాలూ పాదమూ కలిసే చోట చిన్న వంపు ఉంటుంది, అంత కరుకుగా ఉండదు. నిఘంటువులో మాటని నల్లగా చూపించి అర్థాన్ని మామూలు టైపులో ఇస్తారు చూడండి, ఆ పనికి బాగా పనికొచ్చింది. చట్టం ప్రకారం మూడేళ్ళ హక్కు తెచ్చుకున్నాడు. గడువు తీరగానే మిగతావాళ్ళందరూ కాపీ కొట్టేశారు. బెస్లీ ఆ తర్వాత లండన్‌కి లార్డ్ మేయర్ కూడా అయ్యాడు కాబట్టి ఆయన గురించి మనం బాధపడక్కర్లేదు. అమెరికా వెళ్ళాక ఈ టైపు ఇంకా వేషాలు వేసింది. కౌబాయ్ సినిమాల్లో దొంగని పట్టిస్తే బహుమానం అనే పోస్టర్లుంటాయే, వాటిలో కాళ్ళకన్నా బూట్లే లావు. అవి నాకు నచ్చవు. బోదకాలు గుర్తొస్తుంది.

డీటీపీ రోజుల్లో ఒక బట్టల కొట్టు పార్టీ వచ్చాడు. ఇంగ్లీషు పేరు రాక్‌వెల్ బోల్డ్‌లో చేసిచ్చాను, మురిసిపోయాడు. "మేడమ్, తెలుగు కూడా సేమ్ ఇలాగే కావాలి" అన్నాడు. కుదరదండీ అంటే వినలేదు. పోనీ చూద్దామని రెండు రాత్రులు కూర్చుని కోరల్‌డ్రాలో తెలుగు అక్షరాలకి దిమ్మలు అతికించాను. తలకట్టు చివర ఒక దిమ్మ, కింద ఒక దిమ్మ. చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలుగు అక్షరాలు నిలబడవు, కూర్చుంటాయి. బాసింపట్టు వేసుకుని, పొట్ట కాస్త ముందుకు పెట్టుకుని, నెత్తిన తలకట్టుతో పీట మీద కూర్చున్న పెద్దమనుషుల్లా ఉంటాయి. వాటికి బూట్లు తొడిగితే భోజనాల బంతిలో బూట్లతో కూర్చున్నట్టే. పార్టీకి చూపిస్తే ఆయనే, "వద్దులెండి, లావుగా చేసెయ్యండి చాలు" అన్నాడు.

నిజానికి తెలుగుకి కావలసింది ఆ లావే. గుండ్రం చెడకుండా, లోపలి సందులు పూడిపోకుండా లావు చెయ్యడం చాలా కష్టం. ఒత్తులు కింద వేలాడుతుంటాయి, గుడులు పైన కూర్చుంటాయి. తర్వాతెప్పుడో సిలికానాంధ్ర వాళ్ళు పురుషోత్ కుమార్ గుత్తుల చేసిన తెలుగు ఫాంట్లని ఉచితంగా విడుదల చేశారు. అందులో రామభద్ర చూసినప్పుడు, ఇది అప్పుడు ఉండుంటే ఆ రెండు రాత్రులు నిద్రపోయేదాన్ని కదా అనుకున్నాను. బూట్లు లేవు, కానీ దూరం నుంచి పిలుస్తుంది.

2016లో అమ్మాయి దగ్గరికి అమెరికాలో మిల్వాకీ వెళ్ళాను. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని పప్పులూ పచ్చళ్ళూ చేసి పెడుతుంటే జాలి కలిగిందేమో, ఒక శనివారం అల్లుడు, "అత్తయ్యగారూ, మీకు నచ్చే చోటు ఒకటి ఉంది" అని కారెక్కించాడు. గంటన్నర దూరంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున టూ రివర్స్ అని చిన్న ఊరు. ఐస్‌క్రీమ్ సండే పుట్టింది తమ దగ్గరేనని బోర్డు పెట్టుకున్న ఊరు. అక్కడ చెక్క అక్షరాలకి ఒక మ్యూజియం ఉంది. జె. ఇ. హామిల్టన్ అనే ఆయన 1880లో ఆ ఊరి పత్రికవాళ్ళకి ఒక పోస్టరు కోసం అర్జెంటుగా పెద్ద అక్షరాలు కావాల్సి వస్తే, కాలితో తొక్కే రంపంతో కోసి ఇచ్చాడట. అక్కడి నుంచి పెరిగి పెరిగి దేశంలో పెద్ద పోటీదారులని కొనేసే కంపెనీ అయింది.

లోపలికి వెళ్ళగానే నా కాళ్ళు ఆగిపోయాయి. వాసన! కిరసనాయిలు కాదు కానీ దాని చుట్టమే. పదిహేను లక్షల చెక్క అక్షరాలున్నాయట అక్కడ. సొరుగు లాగితే బూట్లు, ఇంకో సొరుగు లాగితే ఇంకో సైజు బూట్లు. అక్కడ పనిచేసే పెద్దావిడ నా మొహం చూసి దగ్గరికి వచ్చింది. మేపుల్ చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి, ఆ అడ్డకోత మీద అక్షరం చెక్కుతారని చూపించింది. అందుకే అది అంత గట్టిది, మేస్త్రిగారి చాకుకి లొంగనిది. పక్కనే పాంటోగ్రాఫ్ మిషను. ఒక చివర పెద్ద నమూనా మీద పుల్ల తిప్పుతుంటే ఇంకో చివర తిరిగే ఉలి చెక్క మీద అదే ఆకారం చిన్నగా తొలుస్తుంది. అయితే తిరిగే ఉలి గుండ్రం కదా, లోపలి మూలలు పదునుగా రావు. బూటు వచ్చి కాలికి తగిలే ఆ మూలమట్టపు మూలని మాత్రం మనిషే కూర్చుని చాకుతో చెక్కాలి. ఒక్కో అక్షరానికీ, ఒక్కో మూలకీ. ఆ చాకులు కూడా అక్కడ పెట్టారు. పొట్టివి, పిడి అరిగినవి. అచ్చం మేస్త్రిగారి చాకులాంటివి.

ఫోనులో నా ఎమ్ ఫోటో చూపించాను. కథంతా చెప్పాను, న్యూ షో సంగతి కూడా. ఆవిడ పడీ పడీ నవ్వి, వాళ్ళ సొరుగులోంచి ఒక ఎమ్, ఒక డబ్ల్యూ తీసి పక్కపక్కన పెట్టి, ఎమ్‌ని తిరగేసి, "మీరు కరెక్టే పట్టుకున్నారు" అంది. తొమ్మిదేళ్ళప్పుడు చేసిన పనికి నలభై ఏళ్ళ తర్వాత మెచ్చుకోలు.

"మా సెట్టు ఎక్కడిది అయ్యుంటుంది? ఇక్కడిదేనా?" అని అడిగాను. అమెరికాది కావచ్చు, ఇంగ్లండులో యార్క్ నగరంలో డిలిటిల్ అనే కంపెనీ కూడా చేసేది, వాళ్ళదీ కావచ్చు, ఫోటో చూసి చెప్పలేనంది. "కానీ తెలుసుకోవడం తేలికే. చేసినవాళ్ళు తమ పేరు, ఊరు సెట్టులో ఒక్క అక్షరం పక్క భాగం మీదే ముద్ర కొట్టేవాళ్ళు" అని, సొరుగులోంచి ఒకటి తీసి పక్కకి తిప్పి చూపించింది. చిన్న చిన్న గుంటలు, వరసగా. దగ్గరికి తీసుకుని చూస్తే గుంటలు కావు, అక్షరాలు.

"'ఏ' మీద" అంది. "మామూలుగా 'ఏ' మీదే కొట్టేవాళ్ళు. మీ 'ఏ' ఉందా?"

భోగిమంటలో మొట్టమొదట పడింది అదే.